గుల్‌ఖైరా పూసిన ఆదివారం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా ఇంట్లో ఉన్నట్టుండి దగ్గు వినపడడం ఆగిపోయింది. అమ్మను వికారాబాద్ గుట్ట మీది క్షయ దవాఖానలో చేర్చారు. మేముండేది తాండూరులో. నాయన బండల గనిలో లెక్కలు రాసే మునీము. ఆదివారం ఆదివారం పొద్దుటి రైలుబండెక్కి అమ్మను చూసి వచ్చేవాడు. పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు. అక్కడి నుంచి కాగితం ముక్క కూడా ఇంట్లోకి రాకూడదని నానమ్మ భయం. అందుకని అమ్మ మాటలు నాయన నోటి మీదుగానే నాకు చేరేవి.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం నాయన రుమాలు మూటలో గింజలు తెచ్చాడు. అవి పది పన్నెండు ఉంటాయి. గుండ్రంగా, పలచగా, చొక్కా గుండీల్లా ఉన్నాయి. అమ్మ పక్క మంచం మీదున్న ఆమె ఇచ్చిందట. పూల గింజలని తప్ప పేరు ఆమెకూ తెలియదట. "బిడ్డను పెంచమను, ఏం పువ్వో నాకు చెప్పమను" అని అమ్మ చెప్పి పంపింది. నానమ్మ వాటిని మూడు రోజులు ఎండలో పెట్టాక గానీ నన్ను ముట్టనివ్వలేదు.

పెరట్లో నిలబెట్టిన బండల పక్కన నాటాను. ఆకులు వెడల్పుగా, నూగుతో వచ్చాయి. నానమ్మ చూసి బెండ అంది. పక్కింటి అక్క పత్తి అంది. పాలు పోసే ఆయన గోంగూరలో ఏదో రకం అన్నాడు. ఎవరి మాటా నమ్మబుద్ధి కాక స్టేషన్‌కు వెళ్లాను. అక్కడ ప్లాట్‌ఫారం పొడవునా పూలమొక్కలు పెంచే ముసలి మాలీ ఒకాయన ఉండేవాడు. ఊళ్లో పిల్లలందరికీ ఆయన మాలీ తాత. ఆయన ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇప్పుడే నాకు ఎరుక గాదు బిడ్డా. పూసినంక తే. గప్పుడు చెప్త" అన్నాడు. ఊరంతా ఏదో ఒక పేరు చెప్పినప్పుడు తెలియదన్నవాడు ఆయనొక్కడే.

రెండు వారాలకోసారి ఒక ఆకు కోసి నాయన చేతికిచ్చేదాన్ని. మొదటి ఆకు చూసి అమ్మ, "ఇది బెండ గాదు, మీ నానమ్మకు చెప్పు" అని పంపింది. రెండో ఆకు సన్నగా ఉందని, మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టావా, పీకి దూరం నాటు అని కోప్పడింది. మూడోసారి మాటేమీ రాలేదు. ఆకు మాత్రం దిండు కింద పెట్టుకుందట.

చలి మొదలైన రోజుల్లో ఒకనాడు కబురొచ్చి, నాయనా నానమ్మా కలిసి వికారాబాద్ వెళ్లారు. నన్ను పక్కింటి అక్క దగ్గర విడిచారు. వాళ్లు తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది. నాయన తల గొరిగించుకుని వచ్చాడు. అమ్మకు నయం కావాలని మొక్కు తీర్చుకున్నానన్నాడు. నేను సంతోషపడ్డాను. ఆ వారమంతా వీధిలో ఆడవాళ్లు పిలిచి పిలిచి నాకు తల దువ్వారు, చేతిలో బెల్లం ముక్కలు పెట్టారు. పూల సంగతి అందరికీ తెలిసి మెచ్చుకుంటున్నారనుకున్నాను.

ఆ తర్వాత కూడా నాయన ఆదివారం బండి ఎక్కుతూనే ఉన్నాడు. ఆకులు తీసుకెళ్తూనే ఉన్నాడు. అమ్మ మాటలు మునుపటికంటే ఎక్కువగా వచ్చేవి. బాగా తింటోందట, నన్ను తలుచుకుని నవ్విందట, మొక్కలను బాగా పెంచానని అందట. ఒక్కసారి కూడా కోప్పడలేదు. అది వింతగా అనిపించాలి. నాకు అనిపించలేదు.

హోళీ దగ్గర పడుతుండగా మొక్కలు నా తలను దాటాయి. ఒక ఆదివారం పొద్దున ఒక కాడకు అడుగున మొదటి పువ్వు విచ్చింది. ముదురు ఎరుపు, మందారమంత వెడల్పు. నాయన అప్పటికే స్టేషన్‌కు వెళ్లిపోయాడు. పువ్వు కోసుకుని పరుగెత్తాను. బండి ఇంకా రాలేదు. మాలీ తాత పాదులకు నీళ్లు పోస్తున్నాడు. పువ్వు చూడగానే ఆయన ముఖం విచ్చుకుంది.

"గుల్‌ఖైరా! దీని గింజల కషాయం దగ్గుకు తాగుతరు బిడ్డా. హకీములు ఇస్తరు."

నేను నాయన దగ్గరికి ఉరికి, పేరు రెండుసార్లు చెప్పి, అమ్మకు చెప్పడం మరిచిపోవద్దని పువ్వు చేతిలో పెట్టాను. నాయన తలూపాడు. నా వైపు చూడలేదు. మాలీ తాత నీళ్ల డబ్బా కింద పెట్టి మా దగ్గరికి వచ్చాడు.

"మునీమ్ సాబ్, నువ్వు గీ బండెక్కి, ముందటి స్టేషన్ల దిగి, మల్ల తిరుగు బండికి వస్తున్నవ్ అని గార్డులు చెప్పిన్రు. మూడు నెలల సంది చూస్తున్న. ఇంకెన్ని దినాలు?"

"చిన్న పిల్ల, చాచా" అన్నాడు నాయన.

"గందుకే చెప్తున్న. నా పెద్దకొడుకు కొట్లాటలైన గడబిడల పోయిండు. వస్తడు, వస్తడని నాకు అందరు చెప్పిన్రు. సచ్చిండని ఒక్కడు చెప్పలే. ఏడేండ్లు వాకిలి దిక్కు చూసిన. పువ్వు పేరు నేను చెప్పిన. గా మాట నువ్వే చెప్పాలె."

బండి వచ్చింది. నాయన ఎక్కలేదు. జనం దిగారు, ఎక్కారు, బండి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం బండల మీద నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మ సచ్చిపోయింది బిడ్డా. చలికాలంల" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు అడిగింది కూడా అమ్మ గురించి కాదు. "గీ మాటలన్ని ఎవరివి మరి?" అన్నాను. అక్కడే కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. బెండ కాదన్నది ఎవరు? అమ్మే. దూరం నాటమన్నది? అమ్మే. నవ్విందన్నావు? అది నేను చెప్పింది. బాగా పెంచానన్నది? అది కూడా నేనే బిడ్డా. అలా అన్నీ విడదీశాక, నా ఆకులకు బదులుగా వచ్చినవాటిలో అమ్మవి మూడే మిగిలాయి: రెండు మాటలు, దిండు కింద పెట్టుకున్న ఆకు. అప్పుడు ఏడ్చాను. నాయన కూడా ఏడ్చాడు, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా ఆగకుండా. మాలీ తాత మాకు వీపు తిప్పి, ఎవరూ మా దగ్గరికి రాకుండా నిలబడ్డాడు.

నాయన మీద కోపం పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మూడు నెలలు ఆయన ఎవరూ తెలియని స్టేషన్లో గంటల తరబడి ఏం చేసేవాడో, నాకు చెప్పాల్సిన మాటలు అక్కడే కూర్చుని అల్లుకునేవాడేమో, నేను పెళ్లయి పిల్లలను కన్నాక గానీ ఆలోచించలేదు. ఆయన మంచివాడే. మంచితనంతోనే చనిపోయిన మనిషికి నా చేత మూడు నెలలు ఆకులు పంపించాడు.

ఇప్పటికీ చావు జరిగిన ఇంటికి వెళ్తే నేను ముందు పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లను. పిల్లలు ఎక్కడున్నారో వెతుకుతాను. ఎవరో ఒకరు వాళ్లను పెరట్లోకో పక్కింటికో పంపేసి ఉంటారు. వెళ్లి పక్కన కూర్చుంటాను. వాళ్లు అడిగినదానికి, ఎంత చిన్నవాళ్లయినా, జరిగింది జరిగినట్టు చెబుతాను. తెలియనిదైతే తెలియదంటాను. కొందరికి అది నచ్చదు, ముసలిదానికి దయలేదంటారు. అననివ్వండి.