మరిది చెయ్యి వెయ్యాల్సిన రాయి

ములకలపల్లి దాటాక అడవిలో ఒక చిన్న గుంపు ఉంది. రాష్ట్ర సరిహద్దు అవతల రెండు పక్షాలు తుపాకులతో కొట్టుకున్న ఏళ్ళలో, ఇళ్ళు కాలిపోయి ఇటు నడిచొచ్చిన కోయ కుటుంబాల గూడెం అది. అక్కడే నాకు ఒక ముఠా మేస్త్రీ పరిచయమైంది. ముప్ఫై మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తోటతోటకూ మిరపకాయలు ఏరడానికి వెళ్తుంది. ఆమె భర్త ఆ కాల్పుల్లో పోయాడు. ఏ పక్షం తూటానో ఆమెకు తెలియదు. పత్రిక మనిషిని కాబట్టి నేను అదే అడిగాను.

"తెలిస్తే ఏం జేస్త సారూ? ఆయనకు రాయి పెట్టాలె. రాస్తే అది రాయి."

పోయినవాళ్ళకు రాయి నిలబెట్టేదాకా వాళ్ళు పెద్దల్లో కలవరని ఆ గుంపు నమ్మకం. ఆ రాయి మీద మొదటి చెయ్యి తోడబుట్టినవాడిది కావాలి. మిగిలింది ఒక్క మరిది. అతను రెండేళ్ళుగా జూలూరుపాడు వైపు ఒక మిరపతోట ఆసామి దగ్గర జీతగాడిగా ఉంటున్నాడు. ఆసామి అతని ఆధార్ కార్డు తీసి బీరువాలో పెట్టుకున్నాడు. "గేటు దాటితే పోలీసులు నిన్ను అడవిల తుపాకులోళ్ళ మనిషంటరు" అని ఒక్క మాట చెప్పాడు. ఆ తర్వాత గేటుకు తాళం వేసే అవసరమే రాలేదు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి కట్టెయ్యడానికి ఆ భయమే చాలింది.

పేపర్లో రాస్తానన్నాను. ఆమె వద్దంది.

"రాస్తే వాణ్ణి ఇంకో తోటకు తోల్తడు. కాయ పండనీ సారూ."

ఆ ఏడు ఆమె తన ముఠాతో ఆ ఆసామి తోటలోనే పని ఒప్పుకుంది. మొదటి రోజు మూడింట రెండు వంతుల సాళ్ళు ఏరారు. రెండో రోజు నన్నూ రమ్మని కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి ముప్ఫై మందీ గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ నడుముకు సంచి కట్టుకోలేదు. పైన మబ్బు పట్టింది. మిగిలిన చెట్ల మీద కాయంతా ఎర్రగా పండి ఉంది.

ఆసామి వచ్చాడు. "ఏందే, పెండ్లికొచ్చిన్రా, గిట్ల కూసున్నరు?"

"అవ్ పటేలా. పెండ్లికొడుకు నీ కొట్టంల ఉన్నడు. పంపియ్యి."

ఆడవాళ్ళు నవ్వారు.

"వాడు నా మనిషి."

"గట్లనా? అయితే వాళ్ళన్నకు నువ్వే పెట్టు రాయి."

"ముందు కాయ ఏరుండ్రి. తర్వాత మాట్లాడుదం."

"ముందు మనిషి. కార్డుతోటి."

"ఇంకో ముఠాను తెస్త!"

"తెచ్చుకో. ఈ చుట్టు ముఠాలన్నీ మా అక్కచెల్లెండ్లయే."

వెనక నుంచి ఒక ముసలమ్మ అందుకుంది: "జల్దీ తేల్చు పటేలా. వానొస్తే మేం తడుస్తం, ఆరుతం. నీ కాయ ఆరదు."

మధ్యాహ్నానికి కార్డు గట్టు మీదికి వచ్చింది. దాని వెనకే మరిది వచ్చాడు, ఎవరి మొహమూ చూడకుండా. ఇక ఇంటికి బయల్దేరతారనుకున్నాను. ఆమె మరిదిని నీడలో కూర్చోబెట్టి, సంచి కట్టుకుని సాళ్ళలోకి దిగింది. వెనకే ముఠా మొత్తం దిగింది. చీకటి పడేలోగా తోటంతా ఏరేశారు. ఎందుకని అడిగితే, "ఒప్పుకున్నం గద. కాయేం తప్పు చేసింది?" అంది. పత్రిక కోసం ఎన్నో సమ్మెలు చూశాను. గెలిచినవాళ్ళు ఆ మధ్యాహ్నమే మిగిలిన పని పూర్తి చెయ్యడం నేను చూసింది అక్కడొక్కచోటే.

వారం తర్వాత వాగులోంచి రాయి మోసుకొచ్చి గుంట పక్కన దించారు. అందరూ వెనక్కి జరిగారు. మరిది ముందుకొచ్చి, చెయ్యి చాపి, నా కెమెరా చూసి ఆగిపోయాడు.

"వదినా, ఫోటో పోలీసులు చూస్తరా?"

నేను కెమెరా సంచిలో పెట్టేశాను.

"చూడనీరా," అంది ఆమె. "అన్నకు రాయి పెడుతున్నవు. దొంగతనం చేస్తలేవు."

అతను రాయి ముందు వంగాడు. తర్వాత రెండు చేతులూ రాయి మీద ఆనించాడు. మగవాళ్ళు వచ్చి లేపి గుంటలో దించారు. రాయి నిలిచాక ఆమె భర్తను పేరు పెట్టి పిలిచింది. మరిది తల వంచుకుని, రాయి కదలకుండా చుట్టూ మట్టి తొక్కుతున్నాడు.