కొల్లేటి మంచులో విన్న గొంతు

దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని బెంచీ ఎక్కించిన తెలుగు మాస్టర్ని నేను. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం కన్నా చిరాకే ఎక్కువ.

పందొమ్మిదివందల యాభైల్లో ఏలూరులో ఒక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. డ్రాయింగు మాస్టారు సూర్యనారాయణ, లెక్కల మాస్టారు ప్రకాశం నా స్నేహితులు. ప్రకాశానిది కడప జిల్లా. మా వైపు వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. ఈత రాదు, పడవ ఎక్కి ఎరగడు. కొల్లేరు చూపిస్తామని మేమే బలవంతపెట్టాం.

శనివారం బయల్దేరి, సరస్సు నడుమ లంక మీదున్న కొల్లేటికోటలో సూర్యనారాయణ మేనమామ గారింట్లో బస చేశాం. ఆదివారం పొద్దున్నే సోమయ్య అనే పెద్దాయన తన పడవలో మమ్మల్ని తిరిగి ఒడ్డుకు దింపడానికి ఒప్పుకున్నాడు.

పుష్యమాసం. బయల్దేరిన కాసేపటికి మంచు కమ్మేసింది. పడవ కొసన గెడ వేస్తున్న సోమయ్య కూడా నాకు మసకగానే కనిపిస్తున్నాడు. అంతలో పడవ దేన్నో రాసుకుని అడుగున చిన్న పగులిచ్చింది. సూర్యనారాయణ చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. ప్రకాశం నా పక్కనే కళ్లు మూసుకుని, పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"దారి తప్పామండి," అన్నాడు సోమయ్య. "ఎటు చూసినా కిక్కిస గడ్డే. ఏమీ తెలవట్లేదు."

అప్పుడు ప్రకాశం మాట్లాడాడు. కళ్లు తెరవలేదు.

"ఎడంపక్కకి ఎయ్యరా సోమీ. కుడేపు మొద్దుంది."

సోమయ్య చేతిలో గెడ ఆగిపోయింది. తర్వాత కుడివైపు నీళ్లలోకి దించి చూశాడు. టక్కుమని కర్రకి కర్ర తగిలింది. పడవ ఎడమకి తిప్పాడు. ఆ తర్వాత మరి రెండుసార్లు అలాగే దారి చెప్పాడు ప్రకాశం. కడప యాస మచ్చుకైనా లేదు. భాష చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేనా? అరగంటకి ఒడ్డు కనిపించింది.

దిగగానే అడిగాను. "నీకా దారి ఎలా తెలుసయ్యా?"

"ఏం దారి? నేను నోరే తెరవలేదు కదా సామీ! భయంతో చస్తా ఉంటే!"

సూర్యనారాయణ వైపు తిరిగాను. నీళ్లు తోడే గొడవలో తనకేమీ వినపడలేదన్నాడు. వినపడకపోవడమేమిటి, మా మధ్య బారెడు దూరం కూడా లేదు! ఒడ్డు మీదే ముగ్గురం పోట్లాడుకున్నాం. సోమయ్య మాత్రం ప్రకాశం ముఖంలోకి కాసేపు చూసి, "చిన్నప్పుడు నన్ను సోమీ అనేవోళ్లు ఇంట్లో. ఇప్పుడలా పిలిచేవోళ్లెవరూ లేరండి," అన్నాడు.

పై ఆదివారం ఒక్కణ్ణే మళ్లీ సోమయ్య ఇంటికి వెళ్లాను. సోమయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మర్యాదగా మంచం వాల్చాడు. సంగతెత్తితే మాత్రం తలెత్తలేదు. "దారి నాకు ఎరికేనండి. నేనే తీసుకొచ్చాను. మీరు చలికి బెదిరారు, అంతేనండి."

ఒళ్లు మండిపోయింది. వారం కిందట నా ముందు చెప్పిన మాట నా ముందే లేదంటాడు! గట్టిగా అడగబోయాను. గుమ్మంలో నించున్న ఆయన భార్య, "వద్దండి మాస్టారూ, ఆరోజు నించీ అన్నం సరిగా తినట్లేదండి," అంది. లేచి వచ్చేశాను.

ప్రకాశానికి సొంత జిల్లాకి బదిలీ అయిన రోజు ఏలూరు స్టేషన్లో రైలెక్కించాను. కదిలే ముందు ఆఖరుసారి అడిగాను. నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు.

"ఎన్నిసార్లడుగుతావు? నాకు గుర్తుంటే నీకు చెప్పనా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను అబద్ధమాడటం లేదు. నేనూ ఆడటం లేదు. ఆ రెండూ ఒక్కసారే ఎలా నిజమవుతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.