డాక్టరు గారి ముందు నేనన్న మాట

మా ఆయన పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. వరసకు మేనబావ కావడంతో పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. ఎనభైల మొదట్లో, నలభై ఏడో ఏట, ఆయనకు గుండెపోటు వచ్చింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచి, ఇంటికి పంపే రోజున డాక్టరు గారు నన్ను ఒక్కదాన్నే బయటికి పిలిచి చీటీ ఇచ్చారు. మొదట ఇంట్లోనే అటూ ఇటూ, తరవాత వీధి చివరి దాకా, ఆ పైన మెట్లు, రోజురోజుకీ కాస్త పెంచుతూ నడిపించమన్నారు. నడిస్తేనే గుండె బలపడుతుందన్నారు. తలూపాను.

ఇంటికి రాగానే, "మంచం దిగొద్దన్నాడు డాక్టరు" అని ఆయనతో చెప్పాను.

మా నాన్న పొలం గట్టు మీద నడుస్తూనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. నడక అంటేనే నాకు వణుకు. చీటీ పెట్టెలో చీరల కింద దాచేశాను. వన్ టౌన్‌లో మాది మేడ మీద గది. రెండు నెలలు ఆయన్ని అందులోనే ఉంచాను. అన్నం కూడా కలిపి నోటికి పెట్టేదాన్ని. "కాసేపు కిందకి దిగొత్తానే, వొళ్ళు మొద్దుబారిపోతంది" అని బతిమాలేవారు. నేను తలుపు గడియ పెట్టేదాన్ని.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే, డాక్టరు గారు వరండా చివరి దాకా నడవమన్నారు. సగం దూరంలోనే ఆయన ఆగిపోయి గోడ పట్టుకున్నారు. పంచె కింద పిక్కలు ఎంత సన్నబడ్డాయో అప్పుడే చూశాను.

"గుండె బాగానే ఉంది, కాళ్ళలోనే సత్తువ లేదు. రోజూ నడిపించమని చీటీ కూడా రాసిచ్చాను కదమ్మా?" అన్నారు డాక్టరు గారు.

మా ఆయన ఆశ్చర్యంగా నా వైపు తిరిగారు.

"ఎంత సెప్పినా ఇనడు బాబూ. మంచం దిగడు" అనేశాను.

బెంచీల మీద కూర్చున్న రోగులందరూ వింటుండగా డాక్టరు గారు ఆయన్ని కేకలేశారు. పోర్టులో ఇరవై ఏళ్ళు ఎవరి చేతా మాట పడని మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పయిపోనాది బాబూ. రేపట్నించి నడుత్తాను" అన్నారు.

ఇంటికొచ్చాక, "సీటీ ఏదీ?" అని అడిగారు. తెచ్చి ఇచ్చాను. మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"నాను సచ్చిపోతాననుకున్నావా?"

ఏడుపొచ్చింది. "మా నాయన..." అని ఆగిపోయాను.

"సర్లే" అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్నే టోకు దుకాణాల అరుగులు పట్టుకుంటూ నడవడం మొదలెట్టారు. చెయ్యి అందించబోతే వదిలించుకున్నారు. పది అడుగులు వెనకగా వెళ్ళాను. నాలుగో నెలకి కొండ మీది చర్చి దాకా ఎక్కి దిగేవారు. పోర్టులో బరువు పని తప్పించి స్టోర్సులో వేశారు; రిటైరయ్యేదాకా అక్కడే చేశారు.

మా తమ్ముళ్ళు వచ్చినప్పుడల్లా, "డాక్టరు తిడితే గానీ బావ మంచం దిగనేదు" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆయన పోయాక మా అమ్మాయితో చీటీ సంగతి చెప్పాను. "బయపడ్డావు, అందులో తప్పేటుందమ్మా" అంది. వరండాలో నేనన్న మాట మాత్రం దానికీ చెప్పలేకపోయాను.