వచ్చేటోళ్లకు జాగ ఉంచుండ్రి

మా చిన్నాయన పోయాడు. పొద్దున నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నప్పుడు చిన్నాయన కొడుకు, మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాయిన లేస్తలేడే" అన్నాడు.    అటువైపు చిన్నమ్మ ఏడుపు, దాని వెనక వీధిలో ఎవరిదో సైకిలు గంట వినిపించాయి. నిద్రలోనే వెళ్లిపోయాడట. దుప్పటి కూడా చెదరలేదని తర్వాత చిన్నమ్మ చెప్పింది.

ఆయన పేరు చెప్పినా మీకు తెలియదు. కానీ మీరు ఎప్పుడైనా కాజీపేటలో మా కాలనీ గ్రౌండుకు ఫుట్‌బాల్ చూడటానికి వచ్చి ఉంటే ఆయన గొంతు మీకు తెలుసు. మైకులో మాట్లాడిన మనిషి ఆయనే. పగలు రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టరు. మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో మాత్రం బుగ్గన కాస్త వాము పెట్టుకుని, మెడకు తువ్వాల చుట్టుకుని, పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు పేర్చిన దిమ్మ మీద మైకు ముందు కూర్చునేవాడు. మా క్లబ్బు చాలా చిన్నది. జెర్సీలు ఒకే రంగువి దొరికితే అదే పండుగ. అయినా ఆ రోజుల్లో ఆ గ్రౌండుకు వచ్చిన జనాన్ని తలుచుకుంటే, నిజంగా చూశానా, కలగన్నానా అని ఇప్పటికీ నాకు అనుమానం వస్తుంది.

నేను వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. కుర్చీలు చాలక మనుషులు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లలో చాలామంది మా చుట్టాలు కారు. గ్రౌండుకు వచ్చిపోయినవాళ్లు. చావింట్లో గొంతు తగ్గించుకునే మాట్లాడుకుంటున్నారు, కానీ మాట్లాడకుండా ఉండలేకపోతున్నారు.

"ఆ ఫైనల్ నాడు ఏం జనమే! ఇసుకేస్తే రాలకుండె. చెట్ల మీద, రేకుల మీద, ఆఖరికి బోరింగు మీద గూడ ఎక్కిండ్రు" అన్నాడు ఒకాయన.

"ఫైనల్ కాదన్నా, దాని ముందటేడు. ఫైనల్ నాడు వాన."

"వాన గాదు, గాలిదుమారం. నా టోపీ ఎగిరిపాయె, నాకెరుక లేదా?"

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒక ముసలి రైతు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. "మేం ప్యాసింజర్ల వచ్చేటోళ్లం" అన్నాడు నాతో. "బండి దిగంగనే ఇనబడేది మీ చిన్నాయిన గొంతు. అదెటుంటే అటు నడిచేది. ఎవలనూ తొవ్వ అడిగే పనే లేకుండె."

ఎవరి జ్ఞాపకం వాళ్లది. ఏ రెండూ కలవవు. ఒకరు వాన అంటే ఒకరు దుమ్ము అన్నారు. ఒకరు గెలిచామన్నారు, ఒకరు ఓడామన్నారు. అందరి జ్ఞాపకంలోనూ చెక్కుచెదరకుండా ఉన్నది ఆ గొంతు ఒక్కటే.

ఇంట్లో ఆయన గొంతు లేచేది కాదు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు చూపించేవాడు. "ఈయన మాటలన్నీ గ్రౌండుకే పోతయి, ఇంటికి మిగలయి" అనేది చిన్నమ్మ. మైకు ముందు కూర్చోగానే వేరే మనిషి అయ్యేవాడు. ప్రతి మ్యాచ్‌కూ మొదటి మాట ఒకటే: "వచ్చినోళ్లకు సలాం. వచ్చేటోళ్లకు జర జాగ ఉంచుండ్రి." ఆ మాట వినగానే కూర్చున్నవాళ్లు నవ్వుకుంటూ కొంచెం కొంచెం జరిగేవాళ్లు. అంత పెద్ద జనం ఒక్కసారి ఇటు నుంచి అటు ఒత్తిగిలినట్టు ఉండేది.

ఆట గురించి ఆయన చెప్పే తీరు రేడియోలో చెప్పినట్టు ఉండేది కాదు. "పాలాయన కొడుకు ఉరుకుతాండు, ఉరుకుతాండు... ఎవలన్న ఆపుండ్రి, లేకుంటే వడ్డేపల్లి దాక పోతడు!" అనేవాడు. ఎదుటి జట్టువాళ్లను కూడా ఇంటి పిల్లల్లాగే చూసేవాడు. "ఆ నీలి అంగీ పిలగాడు మంచిగ ఆడతాండు, పొద్దున ఏం తిన్నడో అడుగుండ్రి." ఒకసారి ఒక పాప తప్పిపోయింది. ఆయన ఆ పాపను తన పక్కన కూర్చోబెట్టుకుని మైకులో చెప్పాడు: "ఎర్ర గౌను పాప మా దగ్గరున్నది. పేరు చెప్తలేదు గని లడ్డు తింటాంది. వాళ్లమ్మ ఎవలో మెల్లగ రావచ్చు. పాపకైతే ఏం తొందర లేదు." ఏడుస్తూ పరిగెత్తుకొచ్చిన తల్లి కూడా నవ్వేసింది. మ్యాచ్ అయిపోయాక "ఓడినోళ్లకు ముందుగల్ల చాయ్ ఇయ్యుండ్రి" అని కూడా మైకులోనే చెప్పేవాడు.

ఎనుమాముల మార్కెట్ నుంచి హమాలీలు పని అయిపోగానే ట్రాలీల్లో అట్లాగే వచ్చేసేవాళ్లు. వాళ్ల బట్టల నిండా మిరప ఘాటు. వాళ్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ తుమ్ములే. పడమటి ఎండలో గ్రౌండు మీద లేచిన దుమ్ము బంగారం రంగులోకి తిరిగేది. ఆ దుమ్ములో ఆటగాళ్లు కనబడీ కనబడకుండా కదిలేవాళ్లు. నేను, చిన్నమ్మ ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చునేవాళ్లం. కళ్లు మూసుకుని ఆయన గొంతు ఒక్కటే వింటే ఆట ఇంకా బాగా కనబడేది నాకు.

ఇప్పుడు ఆ రోజు గురించి చెప్పాలి. టెంటు కింద అందరి మాటలూ దాని చుట్టూ తిరిగాయి గానీ, దాన్ని ముట్టుకోలేదు.

అది సెమీఫైనల్. సికింద్రాబాద్ నుంచి వచ్చిన పెద్ద జట్టుతో. నేను డిగ్రీ చదువుతున్నాను. అంతటి జనం ఆ గ్రౌండుకు అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు. తూర్పు వైపు ఒక పాత గోదాము గోడ ఉండేది. దాని మీద ఒకరికొకరు ఆనుకుని కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. గోడ కింద నీడలో ముసలమ్మలు, పిల్లల తల్లులు. ఆట చివరికి వచ్చింది. రెండు వైపులా గోల్ లేదు. అప్పుడు మా జట్టులో పదో నంబరు జెర్సీ వేసుకునే అన్నకు బంతి దొరికింది. ఒకరిని దాటాడు, ఇంకొకరిని దాటాడు. జనమంతా లేచి నిలబడ్డారు.

మైకులో ఆట మాట ఆగిపోయింది. నేను తిరిగి చూశాను. చిన్నాయన దిమ్మ మీద లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. "రెఫరీ సాబ్, ఆట ఆపుండ్రి! జల్ది ఆపుండ్రి!"

రెఫరీ ఈల వేశాడు. ఆ ఈల మోగిన వెంటనే బంతి వలలో పడింది.

చిన్నాయన గొంతులో కంగారు లేదు. ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "గోడ కింద కూసున్న అవ్వలు, అక్కలు, పిల్లలు జర ఇటు రావాలె. ఎవలూ ఉరుకొద్దు. మీ జాగ మీకే ఉంటది. గోడ మీది తమ్ములు, కింద ఖాళీ అయినంక ఒక్కొక్కలు దిగుండ్రి. అంత దూరం నుంచి ఏం కనబడ్తది? లోపటికి వచ్చి లైను పక్కన కూసోని చూడుండ్రి." ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆ గొంతు చెప్పింది కాబట్టి చేశారు. అంత జనం పెళ్లి పంక్తికి నడిచినట్టు నడిచి వచ్చి గ్రౌండు అంచున కూర్చున్నారు. ఒక్క పిల్లకు కూడా మోకాలు గీసుకుపోలేదు.

గోడ వంగినట్టు కనబడిందని చిన్నాయన అప్పుడు చెప్పాడు. గోల్ చెల్లదన్నాడు రెఫరీ. ఆట మళ్లీ మొదలైంది. పెద్ద జట్టు ఒక గోల్ కొట్టింది. మేం ఓడిపోయాం.

గోడ పడలేదు.

అప్పుడు మొదలైంది. "ఏదీ, పడ్డదా గోడ? ఏడ పడ్డదో చూపియ్!" అని ఎవరో అరిచారు. ఒక చెప్పు వచ్చి మైకుకు తగిలి టంగుమంది. ఆ చప్పుడు గ్రౌండంతా వినబడింది. పదో నంబరు అన్న చిన్నాయన పక్క నుంచే నడిచి వెళ్లాడు, తల తిప్పి చూడలేదు. చిన్నాయన వైరు చుట్టుకుని, తువ్వాల దులుపుకుని, మా వెనకే ఇంటికి వచ్చాడు.

తర్వాత మ్యాచ్ నుంచి మైకులో పాటలు పెట్టారు. చిన్నాయనను రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన మాత్రం వెళ్లడం మానలేదు. మామూలు మనుషుల్లో కూర్చుని ఆట చూసేవాడు. ఆయన పక్కన కొంచెం జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఒక సాయంత్రం నడిచి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను.

"చిన్నాయినా, నిజంగనే గోడ వంగినట్టు కనబడ్డదా నీకు?"

"అనిపించింది బిడ్డా. గోడ మీద వాళ్ల తలకాయలన్నీ ఒక్క వరుసల ఉండె. నడుమ కొన్ని జర కిందికి దిగినట్టు అనిపించింది. అనిపించినంక ఊకుండొస్తదా?"

"మరి గోల్ పోయె గద."

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. మా వీధి మలుపు దగ్గర ఆగి, "ఆ గోల్ గురించి నాకు గూడ నిద్ర పడ్తలేదే" అన్నాడు. "ఎంత మంచి గోల్ అది!"

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే. తప్పు చేశానని ఆయన అనుకోలేదు. అట్లాగని పోయినదాన్ని తక్కువ చేయనూ లేదు.

ఆ వానాకాలంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం గోడ కూలింది. సరిగ్గా నడుమనే. ఇటుకలన్నీ ముసలమ్మలు చాపలు పరుచుకునే చోటంతా పరుచుకున్నాయి. అప్పుడక్కడ ఎవరూ లేరు. కాలనీ అంతా గొడుగులు వేసుకుని వెళ్లి చూసి వచ్చింది. చిన్నాయన వెళ్లలేదు. చిన్నమ్మ మాత్రం గడపలో నిలబడి కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఇగ రమ్మను ఒక్కొక్కలను! చెప్పు ఇసిరినోన్ని ముందు రమ్మను!"

"ఊకోయే" అన్నాడు చిన్నాయన. "ఇంత వాన పడ్డంక ఏ గోడైనా పడ్తది. ఆ రోజు పడునో పడకపోవునో ఎవలకెరుక?"

తన మాటను నిజం చేసిన గోడను కూడా ఆయన సాక్ష్యానికి పిలవలేదు. ఎవరూ వచ్చి తప్పయిందని చెప్పలేదు. కానీ వానలు తగ్గాక ఒక పొద్దున పదో నంబరు అన్న గేటు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్లిపోడు. చెప్పుతో నేల రాస్తున్నాడు.

"కాకా, ఐతారం మ్యాచున్నది" అన్నాడు చివరికి. "మైకు కాడ ఎవలూ లేరు."

చిన్నమ్మ ఇంకా కోపంగానే ఉంది. అయినా లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి ముందు ఆ అన్నకే ఇచ్చింది. చిన్నాయన గడ్డం నిమురుకుంటూ, "టైమెంతకు?" అని అడిగాడు. అంతే.

ఆ ఆదివారం ఆయన మైకు ముందు కూర్చుని "వచ్చినోళ్లకు సలాం" అన్నాడు. ఆ తర్వాతి మాట రాలేదు.   ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ గట్టిగా, "ఉంచినం కొడుకా, జాగ ఉంచినం, నువ్వు షురూ చెయ్" అంది. జనమంతా ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వు చప్పట్లలోకి మారి ఎంతసేపటికీ ఆగలేదు. రెఫరీ ఈల చేతిలో పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు.

తర్వాత ఏళ్లు గడిచాయి. ఇళ్లల్లోకి టీవీలు, జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి. గ్రౌండు పలచబడింది. ఆయన రిటైరయ్యాడు, ఆయాసం వచ్చింది, దవాఖాన చుట్టూ తిరిగాడు. మ్యాచ్ ఉంటే మాత్రం వెళ్లేవాడు. గుప్పెడు మంది ఉన్నా అదే గొంతు, అదే సలాం. "ఎవలున్నరని చిన్నాయినా అంత కష్టపడ్తవు?" అని ఒకసారి అన్నాను. "ఉన్నోళ్లకు తక్కువ చేస్తమా బిడ్డా?" అన్నాడు, వాము నములుతూ.

పాడె ముందు కొమ్ము మా తమ్ముడు పట్టుకున్నాడు. రెండో కొమ్ము పదో నంబరు అన్న పట్టుకున్నాడు. ఆయన జుట్టు ఇప్పుడు పూర్తిగా నెరిసింది.  అంతా అయిపోయి స్నానాలు చేసేటప్పుడు నా దగ్గరకు వచ్చి, "ఆ రోజు మా అవ్వ గోడ కిందనే కూసున్నది బిడ్డా" అన్నాడు. "నాకు తర్వాత తెల్సింది. కాకకు చెప్పుదామని ఎన్నిసార్లో అనుకున్న. ఎదురువడితే ఆట ముచ్చట్లే అయ్యేటియి."

"ఆయనకు తెల్వకుండ ఉంటదా?" అంది పక్కనే ఉన్న చిన్నమ్మ. "మీ అవ్వను చెయ్యి పట్టి ఇవతలికి తీస్కచ్చింది నేనే గద."

ఆ అన్న అక్కడే తడి బట్టలతో కూర్చుండిపోయాడు.

దశదినం అయ్యాక మొన్న సాయంత్రం నేను ఒక్కదాన్నే గ్రౌండుకు వెళ్లాను. ఆడపిల్లలు ఆడుతున్నారు. చూసేవాళ్లు ఎవరూ లేరు. గ్రౌండు వెనక పట్టాల మీద బల్హార్షా వైపు పోయే బండి ఒకటి సిగ్నల్ లేక ఆగింది. పని లేని ప్రయాణికులు తలుపుల దగ్గరకు వచ్చారు, కిటికీలకు ముఖాలు ఆనించారు. చూస్తుండగానే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బండి నిండా జనం. పొట్టి జడల పిల్ల ఒకతి బంతి తీసుకుని పరిగెత్తింది. ఏ ఊరివాళ్లో, ఏ భాషవాళ్లో, డబ్బా డబ్బాలోంచి కేకలు మొదలయ్యాయి. బంతి వలలో పడగానే బండి మొత్తం హోరుమంది. ఆ పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, ఆశ్చర్యంగా బండి వంక చూసింది. అంతలో సిగ్నల్ పడింది. చప్పట్లు కొడుతూనే, చేతులు ఊపుతూనే, ఆ జనమంతా మెల్లగా పక్కకు జరుగుతూ, జరుగుతూ, ఎండలోకి వెళ్లిపోయారు.