చార్టు మీద పత్తి పువ్వు

ఎవరైనా దయ్యాల కథ మొదలెడితే టీకని లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. నందిగామలో ఒక కాలేజీలో బోటనీ చెబుతాను. ఉన్నదైతే మైక్రోస్కోపులోనైనా కనపడాలి అంటాను. ఇప్పటికీ అదే అంటాను.

మా ల్యాబులో గుడ్డ మీద చేత్తో వేసిన పాత చార్టులు చాలా ఉండేవి. అన్నీ చనిపోయిన మా డ్రాయింగ్ మాస్టారు రహీం గారు వేసినవే. పత్తి పువ్వు పొద్దున తెల్లగా విచ్చుకుని, మర్నాటికి ఎర్రబడి, ఆ తర్వాత రాలిపోతుంది. అందుకని ఆయన పొద్దున్నే పెనుగంచిప్రోలు చేలకి పోయి, అప్పుడే విచ్చిన పువ్వు తెచ్చి, ఎండెక్కేలోపు బొమ్మ పూర్తి చేసేవారు. వాడిన పువ్వు చూసి ఒక్క గీత కూడా దిద్దేవారు కాదు.

తనిఖీ బృందం వస్తోందని మా ప్రిన్సిపాల్ ఆ చార్టులన్నీ వరండాలో పడేయించాడు. అవి వేలాడే గోడకి పెద్ద స్క్రీన్ పెట్టాలట. బతిమాలాను, అరిచాను.

"ఆ పాత గుడ్డలెందుకండీ మేడమ్, తుక్కుకి వేసేద్దాం" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ రోజు పత్తి చార్టు విప్పి చూసుకున్నాను. పువ్వు ఎప్పట్లా తెల్లగానే ఉంది.

మర్నాడు పొద్దున చూస్తే ఎర్రగా ఉంది. చెమ్మకి రంగు దిగిందనుకుందామంటే గుడ్డ పొడిగా ఉంది, పక్కనున్న ఆకులు చెక్కుచెదరలేదు. అసలా చార్టులో ఎరుపు రంగే వాడలేదు. తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పరిచాను. "మీరే వేసుంటారు" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ చెయ్యి దురదపెడుతుంది. నేనెక్కడ వేస్తాను, ఆకు గీయడం కూడా రాదని మాస్టారు నన్ను తిట్టని రోజు లేదు.

ఆ ఒక్కటీ చంకలో పెట్టుకుని జగ్గయ్యపేటలో మా ఇంటికి బస్సెక్కాను. మిగతావి మర్నాడు ఆటో పెట్టి తెచ్చుకుందామనుకున్నాను. చార్టు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

మర్నాడు పొద్దున మా అత్తగారికి చూపిద్దామని తీశాను. పువ్వు లేదు. ఆ చోట చిన్న ఆకుపచ్చ కాయ ఉంది. మాస్టారి సన్నటి కుంచె గీతలే, సందేహం లేదు.

పత్తి చేలల్లో పెరిగిన అత్తగారు కళ్లజోడు సర్దుకుని, "పిందె పట్టిందే అమ్మాయ్" అన్నారు.

వరండాలో ఉన్న మిరప, గుమ్మడి, నువ్వు పూల చార్టులన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. పరుగున కాలేజీకి వెళ్లాను. వరండా కడిగేసి ఉంది. ప్రిన్సిపాల్ ముందురోజు సాయంత్రమే అన్నీ తుక్కు లారీ ఎక్కించేశాడట.

ఆ కాయ ఇంకా నా బీరువాలో అలాగే ఉంది. మిగతా పూలు ఏం కాసేవో చూడకుండా చేశాడు ఆ మనిషి. అది మాత్రం నేను క్షమించను.