ఆఖరి పేజీ ముందు చదివించుకున్న పెద్దమ్మ

ఈ రోజు ఉప్పల్ దవాఖానాలో నేనొక ఘోర నేరం చేశాను. నవల ముగింపు ముందే చెప్పేశాను.

నాచారంలో మా పక్కింట్లో ఉండే మరియమ్మ పెద్దమ్మ ఇప్పుడు ఆ దవాఖానాలో మంచం మీద ఉంది. ఆమెకు ఓ ఇంగ్లీషు క్రిస్మస్ ప్రేమ నవలను తెలుగులో చదివి వినిపిస్తున్నాను. చిన్న ఊరు, మంచు, బేకరీ కుర్రాడు. నలభయ్యో పేజీలో పెద్దమ్మ నన్ను ఆపింది.

"ఆఖరి పేజీ సదువు బిడ్డా. క్రిస్మస్ దాకా కష్టమేనన్నడు డాక్టర్ సారు."

చదివాను. మంచు కురుస్తుండగా చర్చిలో పెళ్లి.

"గంత సలిల పెండ్లేంది? పిల్లకు సర్ది జెయ్యదా?" అని నవ్వింది. నవ్వు దగ్గయింది. తేరుకున్నాక, "ఇగ నలభై నుంచి నిమ్మలంగ సదువు" అంది.

అక్కడి నుంచి పేజీకి రెండు పేజీలు కల్పించి చదివాను. బేకరీ కుర్రాడికి ఇప్పటికే ఇద్దరు మేనమామలు పుట్టుకొచ్చారు. కథ క్రిస్మస్ దాటాలి. ఇంకేం కలపమంటారు?