ఆ దుమ్ముగాలి ఫోటో తీసింది నేను

ఆదివారం. ఇవాళ అయిన పనులు: రెండు బకెట్ల బట్టలు, ఇడ్లీకి రుబ్బడం, మిద్దె కడగడం, పడమట కమ్ముకున్న మబ్బుకు పదకొండు ఫోటోలు. సాయంత్రం దాకా కానిది ఒక్కటే... కోపం తగ్గడం.

మా చిన్నప్పుడు, ఆలూరు దగ్గర మా పల్లెలో, ఉరిమిందంటే మొదటి పని ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పడం. మెరుపు అద్దంలో తన ముఖం చూసుకుంటే ఇంట్లోకి వస్తుందని మా అవ్వ నమ్మకం.

నాకు పదేళ్లు. కర్నూలులో ఇంటర్ చదివే మా అన్న సెలవులకు స్నేహితుడి కెమెరా తెచ్చాడు. ఊరందరినీ నిలబెట్టి ఫోటోలు తీశాడు. చెల్లెలినైన నన్ను మాత్రం కెమెరా ముట్టుకోనివ్వలేదు.

"రీలులో ఇంక ఒక్కటే మిగిలుండాది. చెయ్యి పెట్టినావంటే ఇరగ్గొడతా మే."

ఆ సాయంత్రం పడమట ఎర్రటి దుమ్ము గోడలా లేచింది... దాని మీద నల్లటి మబ్బు. విత్తనానికని కల్లంలో వేరుశనగ ఎండబోసి ఉంది. నాన్న, అన్న గోనెసంచులు నెత్తిన కప్పుకుని పరుగెత్తారు. అవ్వ నా చేతికి పాత పంచె ముక్క ఇచ్చింది.

"ఆ కెమెరాకూ గాజుకన్నుండాది కదా, దాన్నీ చుట్టిపెట్టు పో."

చుట్టడానికే తీశాను... గడపలోంచి ఆకాశం చూశాక చేతులు ఆగలేదు. ఒక్కసారి నొక్కాను. తర్వాత బుద్ధిగా చుట్టి పెట్టాను.

రీలు కడిగించి తెచ్చాక ఊరంతా ఆ ఒక్క ఫోటోనే చూసింది. నాన్న అన్న భుజం తట్టాడు. "తీసింది నేను నాయనా" అన్నాను.

"నీకేం తెలుసు మే కెమెరా సంగతి. పోయి మజ్జిగ తేపో" అన్నాడు నాన్న.

తెచ్చి ఇచ్చాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్న నోరు విప్పలేదు.

ఆ ఫోటో పటమై అన్న ఇంట్లో వేలాడుతోంది. ఈ ఉదయం దాన్ని మా కుటుంబం గ్రూపులో పెట్టాడు... 'నేను ఇంటర్లో తీసింది' అని. పిల్లలంతా 'సూపర్ నాన్నా', 'సూపర్ మామా' అంటున్నారు.

వేళ్లతో పెద్దది చేసి చూశాను. కల్లం దగ్గర సంచులు కప్పుకుని ఇద్దరు. ఒకరు నాన్న. రెండో మనిషిది చారల చొక్కా... అన్నది. ముప్పై ఎనిమిదేళ్లు ఇంతమంది చూశారు, ఒక్కరూ అడగలేదు. నేను గ్రూపులో అడిగాను: "అన్నా, ఆ చారల చొక్కా ఎవరు?"

పది నిమిషాల్లో ఫోన్.

"ఏం మే, అందరి ముందర అడుగుతాండావు?"

"అందరి ముందర చెప్పినావు కదన్నా. కల్లంలో ఉండుకోని యాడినుంచి తీసినావు?"

మెల్లగా అన్నాడు: "నాయన నన్ను పొగిడింది ఆ ఒక్కసారే మే."

జాలి కలిగింది. కోపం మాత్రం అక్కడే ఉంది. "అయితే నన్ను ఎన్నిసార్లు పొగిడినాడన్నా?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం పటం విప్పి, ఫోటో వెనక నా పేరు రాసి, దాన్ని గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క మాట: 'తీసింది నా చెల్లెలు.'

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది... మెరుపుకు అద్దాలు కప్పేవాళ్లూ లేరు, ఒక్క ఫోటో కోసం ఊపిరి బిగపట్టేవాళ్లూ లేరు. మీ ఇంటి పాత ఫోటోలు ఒకసారి బయటికి తీయండి. అందులో కనిపించని మనిషి ఎవరో చూడండి... తీసింది ఆమే కావచ్చు. ఆ పేరు ఇక్కడ రాయండి, చదువుతాను.

మా అన్న బాకీ ఈరోజుతో చెల్లు.